భీమిలిలో చిన్న క్రైస్తవ రేడియో పెట్టాలనుకుంటున్నాం, తెలిసినవాళ్ళు చెప్పండి

విభాగం: రేడియో, రికార్డింగ్ – విశాఖపట్నం

భీమిలి_ఆల్టో (సోమవారం రాత్రి 9:12)

అందరికీ వందనాలు. మాది భీమునిపట్నం. మా సంఘం క్వయర్‌లో పాడతాను.

కరోనా టైంలో ఆదివారం ఆరాధనను ఫోన్‌లో పెట్టడం మొదలుపెట్టాం. తర్వాత చర్చి తెరిచాం కానీ కొంతమంది ఇక రాలేకపోయారు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మోకాళ్ళు సహకరించనివాళ్ళు, వాళ్ళని చూసుకుంటూ ఇల్లు కదల్లేని కోడళ్ళు. వీడియో పెట్టి ఇస్తే చూపు ఆనదు, పది నిమిషాలకే ఫోన్ పక్కన పెట్టేస్తారు. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి. కీర్తన మొదటి చరణం అందుకుంటే చాలు, మిగతాదంతా వాళ్ళే పాడేస్తారు. అందుకే రేడియో అనే ఆలోచన వచ్చింది.

మా దగ్గర ఉన్నవి చెబుతాను. వాడకంలో లేని సండే స్కూల్ గది ఒకటి, ఒక కంప్యూటర్, రెండు మైకులు, పాడేవాళ్ళు బోలెడుమంది. డబ్బు మాత్రం పెద్దగా లేదు. అయ్యగారు "ముందు అన్నీ తెలుసుకుని రండమ్మా, కమిటీలో పెడదాం" అన్నారు.

ఎఫ్.ఎం. పెట్టనిస్తారా? ఇంటర్నెట్‌లో అయితే ఖర్చు ఎంతలో తేలుతుంది? అన్నిటికన్నా ముఖ్యంగా, రోజంతా ఏం వినిపించాలి? అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

జాలరిపేట_కుర్రోడు (సోమవారం రాత్రి 9:40)

మంచి ఆలోచన అక్కా. ఆన్‌లైన్‌లో చిన్న చిన్న ఎఫ్.ఎం. ట్రాన్స్‌మిటర్లు అమ్ముతున్నారు కదా. ఒకటి కొని చర్చి మేడ మీద కర్ర కట్టి పెడితే భీమిలి అంతా వినబడుతుంది. మా ఫ్రెండ్ ఒకడు కాలేజీ ఫంక్షన్‌కి అలాగే చేశాడు.

ప్లీడరు_గుమాస్తా (సోమవారం రాత్రి 10:25)

తమ్ముడూ, ఆ పని మాత్రం వద్దు. లైసెన్సు లేకుండా తరంగాలు వదలడం నేరం. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం రోజుల్నుంచీ ఉన్నది ఇదే, 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక కూడా ఇదే. బీహార్‌లో వైశాలి జిల్లా మన్సూర్‌పూర్‌లో ఒక రేడియో మెకానిక్ సొంతంగా ట్రాన్స్‌మిటర్ కట్టి ఊరందరికీ పాటలు, కబుర్లు వినిపించాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. 2006లో అధికారులు వచ్చి మూయించేశారు. మంచి మనసుతో చేశాడని అందరూ ఒప్పుకున్నారు గానీ మంచి మనసుకి లైసెన్సు ఇవ్వరు.

మన దగ్గర ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఎఫ్.ఎం. బ్యాండు 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది, విమానాల బ్యాండు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. చవక ట్రాన్స్‌మిటర్లు ఒక్క చోట ఉండవు, పక్క ఫ్రీక్వెన్సీల మీదికి కూడా చిమ్ముతాయి. తూర్పు నౌకాదళం ఉన్న ఊరు మనది. ఇటు నౌకాదళం విమానాలు దిగే ఐ.ఎన్.ఎస్. డేగా, అటు భీమిలి దాటితే భోగాపురం విమానాశ్రయం. ఆలోచించు.

ఇక చెల్లెమ్మ అడిగినదానికి. విశాఖలో వినబడే 98.3, 92.7, 93.5, 91.1 అన్నీ వేలంలో కంపెనీలు కొనుక్కున్నవి. 2011 నాటి ప్రైవేటు ఎఫ్.ఎం. మూడో దశ నిబంధనల ప్రకారం మతసంస్థలకు గానీ, వాటి అదుపులో ఉన్న కంపెనీలకు గానీ ఎఫ్.ఎం. ఇవ్వరు. ఇది అన్ని మతాలకూ ఒకటే. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళల్లో కూడా చర్చి రేడియోలు కనబడతాయి కదా, ఆ పద్ధతి మన దేశంలో లేదు.

మిగిలింది కమ్యూనిటీ రేడియో. 2006 నుంచి స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇస్తున్నారు. సంస్థ రిజిస్టరై కనీసం 3 ఏళ్ళు అయి ఉండాలి, ఆ ఊరి జనానికి సేవ చేసిన రికార్డు చూపించాలి. పవరు 100 వాట్లు, వినబడేది 5 నుంచి 10 కిలోమీటర్లు. కార్యక్రమాల్లో సగమైనా స్థానికులు పాల్గొని చేసినవి ఉండాలి, ప్రసారం చేసిన ప్రతిదీ 3 నెలలు దాచాలి. మత కార్యక్రమాల విషయంలో ఎవరి విశ్వాసాన్నీ నొప్పించకూడదు, ఎవరి భక్తినీ సొమ్ము చేసుకోకూడదు అని రాసి ఉంది. అంటే ఆరాధన కోసమే పెట్టే రేడియోకి ఇది కుదరదు. అయితే కేరళలో వయనాడ్‌లో రేడియో మాట్టొలి ఉంది చూడండి, అది మానంతవాడి కథోలిక డయోసిస్ వారి సాంఘిక సేవా సంస్థ నడుపుతున్నది. దాంట్లో వ్యవసాయం, ఆరోగ్యం, గిరిజనుల భాషల్లో కార్యక్రమాలు వస్తాయి. ఆ దారి మీకూ ఉంది, కానీ అది వేరే ప్రయాణం, ఏళ్ళు పడుతుంది. ఇప్పటికి ఇంటర్నెట్ రేడియోతో మొదలుపెట్టండి.

షార్ట్‌వేవ్_బాబాయి (మంగళవారం ఉదయం 5:50)

అమ్మాయీ, నీ పోస్టు చదివి మనసు నిండిపోయింది. నేను పోర్టులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మర్ఫీ రేడియో దగ్గర్నుంచి వింటున్నాను.

మన ఆకాశవాణి విశాఖపట్నం 1963లో వచ్చింది. మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. దానికి కాస్త ఎడమకు ముల్లు జరిపితే 882. అది శ్రీలంకలో పుత్తళం నుంచి వచ్చే క్రైస్తవ రేడియో, ట్రాన్స్ వరల్డ్ రేడియో, 400 కిలోవాట్ల స్టేషను. పగలు పట్టుకుందామంటే గరగర తప్ప ఏమీ రాదు. పొద్దుగూకిందంటే అంతకంతకూ తేటపడేది. వెయ్యి కిలోమీటర్ల పైమాటే మరి. పగలు ఎండకి ఆకాశంలో కింది పొర ఒకటి ఏర్పడి మీడియం వేవ్‌ని మింగేస్తుంది, రాత్రి ఆ పొర పోయి పై పొర తరంగాన్ని తిప్పి కొడుతుంది. నాకు ఈ శాస్త్రం తర్వాత తెలిసింది. అప్పట్లో మా నాన్న "చీకటి పడనీరా, వస్తుంది" అనేవాడు, అంతే.

షార్ట్‌వేవ్‌లో ఫెబా అనే క్రైస్తవ రేడియో ఉండేది, హిందూ మహాసముద్రంలో సీషెల్స్ దీవుల నుంచి. 1970లో మొదలైంది, 2003లో ఆపేశారు. మనీలా నుంచి కథోలికుల రేడియో వెరితాస్ ఆసియా తెలుగులో వచ్చేది. 2018లో అది కూడా షార్ట్‌వేవ్ మానేసి ఇంటర్నెట్‌కి వెళ్ళిపోయింది. ఆ స్టేషన్లకి పోస్టు కార్డు రాస్తే జవాబు వచ్చేది. పోస్టులో బైబిలు పాఠాలు పంపేవారు. ఉత్తరం రాసిన వాళ్ళ ఊరి పేరు రేడియోలో చదివితే ఆ వారమంతా వీధిలో అదే మాట.

నేను చెప్పొచ్చేదేమంటే, అంత దూరం నుంచి వచ్చినా ఆ రేడియోని జనం మనది అనుకున్నారంటే కారణం ఊరి పేరు పలకడమే. మీరు వీధి చివర్నుంచి మాట్లాడబోతున్నారు. పేర్లు పలకండమ్మా. ఎవరికి బాగాలేదు, ఎవరింట్లో మనవడు పుట్టాడు, ఎవరి భూస్థాపన ఎన్ని గంటలకి. మంచాన ఉన్నవాళ్ళకి కావలసినవి ఆ కబుర్లే.

కాపరి_మధురవాడ (మంగళవారం ఉదయం 7:30)

ప్రభువు నామంలో వందనాలు. సిస్టర్, మీ భారం చాలా మంచిది. ఒక్క సలహా. ఇన్ని రకాలు పెట్టుకోవడం కన్నా 24 గంటలూ వాక్యమే పెట్టండి. పెద్ద పెద్ద దైవజనుల సందేశాలు ఇప్పటికే రికార్డు అయి ఉన్నాయి. అనుమతి అడిగితే ఇస్తారు, మీకు శ్రమ తగ్గుతుంది. ఊరి కబుర్లు వాట్సాప్‌లో ఎలాగూ వస్తాయి. వాక్యం కంటే ముఖ్యమైనది ఏముంటుంది?

సండే_స్కూల్_టీచరమ్మ (మంగళవారం మధ్యాహ్నం 1:15)

అయ్యగారూ, వందనాలండి. మీ మాట కాదనడం కాదు. కానీ ఆ పెద్ద సందేశాలు టీవీలో ఉన్నాయి, యూట్యూబ్‌లో ఉన్నాయి. కావలసినవాళ్ళు ఏ గంటకైనా పెట్టుకుంటారు. అవే మళ్ళీ వినిపించడానికి భీమిలిలో ఒక గది, రెండు మైకులు ఎందుకండి?

భీమిలి వాళ్ళు మాత్రమే చేయగలిగిన పని వేరే ఉంది. మన ప్రాంతం క్రైస్తవ్యం చిన్నది కాదు. 1805లో లండన్ మిషన్ వాళ్ళు, క్రాన్, డే గ్రాంజెస్, విశాఖపట్నం వచ్చి ఇక్కడే కూర్చుని తెలుగులో సువార్తలు తర్జుమా చేశారు. మన ఊళ్ళో తయారైన ఆ మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికి వాళ్ళిద్దరూ బతికి లేరు. ఇక్కడ వాళ్ళకు తోడుగా కూర్చున్న తెలుగువాడు ఆనందరాయర్. మన పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్ళు ఎంతమంది? 1846లో కథోలిక మిషనరీలు వచ్చారు, తర్వాత కెనడా బాప్తిస్టులు. భీమిలిలో వాళ్ళ గుర్తులు ఇంకా ఉన్నాయి. ఇవన్నీ వారానికో పావుగంట చొప్పున ఎవరైనా చదివి వినిపిస్తే ఎంత బాగుంటుంది!

ఇంకో మాట. ప్రతి సంఘంలోనూ పాత రాగాలు తెలిసిన ముసలమ్మలు ఉన్నారు. పుస్తకంలో మాటలుంటాయి గానీ రాగం ఉండదు. మా అత్తగారు ఒకే కీర్తనని రెండు వరసల్లో పాడేది, ఒకటి పుట్టినూరు వరస, ఒకటి మెట్టినూరు వరస. ఆవిడ పోయింది, ఆ వరసలూ పోయాయి. రికార్డు చేయాలని మాకు తట్టలేదు. మీరు ఆ పని మాత్రం ముందు చేయండి.

కాపరి_మధురవాడ (మంగళవారం మధ్యాహ్నం 2:05)

టీచరమ్మ గారూ, ఆ వరసల మాట నిజం. మా అమ్మ దగ్గర కూడా అలాంటివి ఉన్నాయి. అయినా వాక్యానికి పెద్దపీట ఉండాలన్న మాట మీద నిలబడతాను. రోజుకి ఒక గంటైనా బైబిలు చదివి వినిపించండి, వ్యాఖ్యానం లేకుండా, నెమ్మదిగా. చదువు రాని పెద్దవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళకి చదివిపెట్టే మనిషే లేడు.

సండే_స్కూల్_టీచరమ్మ (మంగళవారం మధ్యాహ్నం 2:20)

దీనికి నూటికి నూరు పాళ్ళు ఒప్పుకుంటానండి. అది కూడా మన ఊరి గొంతుతో చదివితే ఇంకా మంచిది.

నైట్_డ్యూటీ_సిస్టర్ (మంగళవారం సాయంత్రం 6:40)

నేను నర్సుని. ఆసుపత్రి పేరు చెప్పను. మంచం మీద ఉన్నవాళ్ళ సంగతి నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

వాళ్ళకి అన్నిటికన్నా కష్టమైన టైం రాత్రి 2 నుంచి 4. నిద్ర పట్టదు, ఇంట్లో అందరూ పడుకుంటారు, ఎవరినీ లేపడానికి మొహమాటం. మీ రేడియో పగలు లేకపోయినా ఫర్వాలేదు గానీ ఆ టైంలో ఉంటే అంతకన్నా మేలు లేదు. గట్టి సంగీతం వద్దు. డప్పులు, చప్పట్లు, అరిచి చెప్పే ప్రసంగాలు ఆ వేళ అస్సలు వద్దు. ఒక్క గొంతు, మెల్లగా. కీర్తనల గ్రంథం చదివితే చాలు. పాటకీ పాటకీ మధ్య సౌండు ఒక్కసారి పెరిగిపోకుండా చూసుకోండి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఉలిక్కిపడతారు.

ఇంకొకటి కాస్త గట్టిగానే చెప్పాలి. స్వస్థత సాక్ష్యాలు పెట్టేటప్పుడు జాగ్రత్త. నేను ప్రార్థన చేసే మనిషిని, డ్యూటీ ఎక్కే ముందు ప్రార్థన చేసుకునే ఎక్కుతాను. కానీ ఎవరో సాక్ష్యంలో "మాత్రలు మానేశాను, షుగరు పోయింది" అంటే, అది విని ఇన్సులిన్ మానేసి మా వార్డుకి వచ్చినవాళ్ళని ఈ చేతులతో చూశాను. కాలు తీసేయాల్సి వచ్చిన పెద్దాయన ఇంకా కళ్ళల్లో ఉన్నాడు. అలాంటి మాట మీ మైకులోంచి ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఎంత పెద్ద మనిషి చెప్పినా సరే, ఆ ముక్క కత్తిరించేయండి.

ప్లీడరు_గుమాస్తా (మంగళవారం రాత్రి 7:30)

సిస్టర్ గారు చెప్పినదానికి చట్టం కూడా ఉంది. 1954 నాటి మందులు, మాయ చికిత్సల చట్టం. షుగరు, క్యాన్సరు లాంటి జబ్బులు అద్భుత శక్తితో నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం దాని కింద నేరం. ఎవరైనా డబ్బిచ్చి స్వస్థత సభల ప్రకటన వేయమంటే ఆ చట్టం గుర్తుంచుకోండి.

కన్సోల్_8 (మంగళవారం రాత్రి 10:50)

సౌండు పని చేస్తాను, పెళ్ళిళ్ళు, క్రిస్మస్ కూటాలు, రికార్డింగులు. టెక్నికల్ సంగతులు నేను చెబుతా.

సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. ఇంటర్నెట్‌లో ప్రసారం పంపే ఐస్‌కాస్ట్ ఉంది, దాని మీద పనిచేసే అజురాకాస్ట్ ఉంది, రెండూ ఉచితం. నెలకి కొద్దిపాటి అద్దెకి ఒక సర్వర్ తీసుకుని అజురాకాస్ట్ వేసుకుంటే పాటల జాబితా, టైం టేబులు అన్నీ అదే చూసుకుంటుంది. లైవ్ కావాలనుకున్నప్పుడు చర్చి కంప్యూటర్ నుంచి బట్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలుస్తారు. కరెంటు పోయి మీ లైన్ తెగినా సర్వర్‌లో ఉన్న రికార్డింగులు ఆగకుండా నడుస్తాయి. భీమిలి కరెంటు సంగతి తెలుసు కాబట్టి ఇది ముఖ్యం.

క్వాలిటీ 48 కేబీపీఎస్ ఏఏసీ ప్లస్ పెట్టండి. మాటకి, కీర్తనకి బాగా సరిపోతుంది. వినేవాళ్ళకి గంటకి సుమారు 22 ఎంబీ అవుతుంది, చవక రీచార్జి ఉన్నవాళ్ళకీ భారం కాదు. 128 పెడితే గంటకి 58 ఎంబీ దాకా పోతుంది, పైగా సిగ్నల్ తక్కువున్న చోట తెగుతుంటుంది. ఒకేసారి 100 మంది విన్నా 48తో అయితే సర్వర్ మీద పడేది 4.8 ఎంబీపీఎస్. కాబట్టి చిన్న సర్వర్ చాలు.

ఇక గది. పాత సండే స్కూల్ గది అన్నారు, అంటే గచ్చు నేల, సున్నం గోడలు, రేకో స్లాబో. చప్పట్లు కొట్టి చూడండి, మోత తిరిగి వస్తే రికార్డింగ్ బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. డబ్బు పెట్టి ఫోమ్ కొనక్కర్లేదు. రెండు గోడలకి బొంతలు వేలాడదీయండి, కింద జంపఖానా పరచండి, మైకు వెనకాల బట్టల దండెం పెట్టండి. ఫ్యాను ఆపాలి. చెమట పడుతుంది, తప్పదు. మైకు నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా, జానెడు దూరంలో ఉంచండి. ఎదురుగా ఉంటే ప, భ అక్షరాలకి గాలి కొట్టి బుడగ పేలినట్టు వస్తుంది. "ప్రభువా", "పరిశుద్ధ", "ప్రార్థన", మన మాటలన్నీ ఆ అక్షరాలతోనే మొదలవుతాయి కదా!

ముసలమ్మలని స్టూడియోకి తీసుకురావద్దు. బెదిరిపోతారు. మీరే వాళ్ళింటికి వెళ్ళండి. మైకు వాళ్ళకి కనబడకుండా ఒడిలో తువ్వాలు మీద పెట్టి, కబుర్లు చెబుతూ మీరే ఒక కీర్తన తప్పు వరసలో ఎత్తుకోండి. "అలాగ కాదమ్మా" అని వాళ్ళే అందుకుంటారు. పాడిన తర్వాత సంగతి చెప్పి, ప్రసారం చేయడానికి ఒప్పుకోలు అడగండి. వద్దంటే చెరిపేయండి.

సౌండు లెవెల్ గురించి నర్సు సిస్టర్ చెప్పింది నిజం. అన్ని ఫైళ్ళనీ లౌడ్‌నెస్ నార్మలైజ్ చేసి ఒకే మట్టానికి తెచ్చాకే ఎక్కించండి.

ప్లీడరు_గుమాస్తా (బుధవారం ఉదయం 8:20)

పాటల హక్కుల గురించి ఎవరూ అడగలేదు గానీ చెప్పడం అవసరం. ఆరాధనలో పాడుకోవడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. కానీ రోజంతా నడిచే రేడియో ఆరాధన కిందికి రాదు. ఎఫ్.ఎం. వాళ్ళకి ఆ చట్టం సెక్షన్ 31డి కింద చట్టబద్ధ లైసెన్సు ఉంది, అది ఇంటర్నెట్‌కి వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పింది. కాబట్టి కొత్త క్రైస్తవ ఆల్బమ్‌లు వేయాలంటే హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. "దేవుని పనే కదా బ్రదర్" అని ఫోన్‌లో అన్నమాట రేపు నిలబడదు. వాళ్ళదీ కష్టమే, అడిగి వేయడం మర్యాద.

పాత కీర్తనలకి ఈ బాధ లేదు. రాసినవారు చనిపోయి 60 ఏళ్ళు దాటితే మాటల మీద హక్కు ముగుస్తుంది. అయితే వేరేవాళ్ళు పాడిన రికార్డింగ్‌కి వేరే హక్కు ఉంటుంది. మీ క్వయర్ మీరే పాడి రికార్డు చేసుకుంటే ఏ చిక్కూ లేదు. చెల్లెమ్మా, మీ సంఘంలో పాడేవాళ్ళు ఉండడమే మీ ఆస్తి.

డబ్బు గురించి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న బంధువులు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇస్తే ఎఫ్.సి.ఆర్.ఏ., అంటే విదేశీ విరాళాల చట్టం, కిందికి వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి తీసుకోకండి. ఎవరి దగ్గర తీసుకున్నారో పుస్తకంలో రాయండి.

తగరపువలస_టీ (బుధవారం ఉదయం 11:05)

నేను క్రైస్తవుణ్ణి కాను. ఈ చర్చ చదువుతుంటే రాయాలనిపించింది. మా అమ్మ ఆకాశవాణిలో భక్తిరంజని రోజూ వినేది. క్రైస్తవ గీతాలు వచ్చిన రోజున కూడా కట్టేది కాదు, పనిచేసుకుంటూ వినేది. మా పక్కింటివాళ్ళు క్రైస్తవులు, క్రిస్మస్‌కి వాళ్ళింటి కేకు మాకు వస్తుంది, సంక్రాంతికి మా అరిసెలు వాళ్ళకి వెళతాయి.

నా కోరిక ఒక్కటే. మీ రేడియోలో మీ దేవుడి గురించి ఎంతైనా చెప్పండి, మా దేవుళ్ళ జోలికి రాకండి. ఊళ్ళో సిగ్నల్ అందరి గోడల్లోంచీ పోతుంది. మా ఇంట్లో ఎవరైనా విన్నా సంతోషంగా వినగలిగేటట్టు ఉండాలి. తుఫాను హెచ్చరిక, నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుంది, రక్తం ఎవరికి కావాలి లాంటివి చెబితే మేమూ వింటాం.

భీమిలి_ఆల్టో (బుధవారం మధ్యాహ్నం 12:30)

అన్నా, మీకు మాట ఇస్తున్నాను. ఇంకొకరి విశ్వాసాన్ని తక్కువ చేసే మాట మా మైకులో రాదు. కమిటీ ముందు పెట్టే కాగితంలో ఇదే మొదటి నియమంగా రాస్తాను. రక్తం సంగతి కూడా తప్పకుండా పెడతాం.

జాలరిపేట_కుర్రోడు (బుధవారం సాయంత్రం 5:10)

తుఫాను అన్నారు కాబట్టి చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు పోయింది, ఫోన్ టవర్లు పోయాయి. మా ఇంట్లో పని చేసింది సెల్లుల రేడియో ఒక్కటే. ఇంటర్నెట్ రేడియో ఆ రోజున ఎవరికీ వినబడదు. అందుకే మొదట ఎఫ్.ఎం. అన్నాను. గుమాస్తా గారు చెప్పాక కుదరదని అర్థమైంది. కానీ ఆ కమ్యూనిటీ రేడియో దారి వదిలేయకండి అక్కా. మా పేట వాళ్ళంతా సంతకాలు పెడతాం.

ఇంకో సమస్య. మా నాన్న లాంటి వాళ్ళ దగ్గర బటన్ల ఫోనే ఉంది. ఇంటర్నెట్ లేదు. వాళ్ళు ఎలా వింటారు?

కన్సోల్_8 (బుధవారం రాత్రి 9:30)

మంచి ప్రశ్న. దీనికి ఛత్తీస్‌గఢ్‌లో దారి చూపించారు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర అని ఉంది. గోండు గిరిజనులు మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకి చేసి తమ మాట రికార్డు చేస్తారు, ఇతరులు రికార్డు చేసినవి అదే నంబరులో వింటారు. అలాంటి ఐ.వి.ఆర్. లైన్, అంటే ఫోన్‌కి రికార్డింగే జవాబిచ్చే లైన్, మీరూ పెట్టుకోవచ్చు. మిస్డ్ కాల్ ఇస్తే సిస్టమే తిరిగి ఫోన్ చేసి ఆ రోజు పావుగంట కార్యక్రమం వినిపిస్తుంది. తిరిగి చేసే కాల్ ఖర్చు మీ మీద పడుతుంది కాబట్టి పావుగంటకి మించనివ్వకండి. మొదట పడక మీద ఉన్నవాళ్ళ నంబర్లకి మాత్రమే ఇవ్వండి.

చర్చి పక్కన నాలుగిళ్ళకైతే ఇంకా తేలిక. పాత ఫోన్ ఒకటి చిన్న స్పీకర్‌కి తగిలించి రేడియో పెట్టేసి ఆ పెద్దవాళ్ళ మంచం దగ్గర ఉంచండి. మనవడు పొద్దున ఒకసారి ఆన్ చేస్తే చాలు.

ఉక్కు_సి_షిఫ్ట్ (గురువారం ఉదయం 6:45)

డ్యూటీ దిగి చదువుతున్నాను. స్టీల్ ప్లాంట్‌లో సి షిఫ్ట్ అంటే రాత్రి 10 నుంచి పొద్దున్న 6. ఆదివారం సి షిఫ్ట్ పడితే దిగి వచ్చాక ఆరాధనలో కూర్చుంటే కళ్ళు మూతలు పడతాయి, ఇంట్లో పడుకుంటే మనసు ఊరుకోదు. నాలాంటివాళ్ళు గాజువాక, ఉక్కునగరం నిండా ఉన్నారు. పోర్టులో ఉన్నారు, రైల్వేలో ఉన్నారు, ఆసుపత్రుల్లో ఉన్నారు. ఆదివారం ఆరాధన రికార్డు చేసి అదే రోజు సాయంత్రం మళ్ళీ వేయండి. మీది భీమిలి రేడియో అని తెలుసు, కానీ వింటాం. మా ఊరి పేరు కూడా అప్పుడప్పుడు పలకండి.

నేను నెలకి కొంత ఇస్తాను. ఇన్‌బాక్స్‌లో అడగండి, రసీదు మాత్రం ఇవ్వండి.

షార్ట్‌వేవ్_బాబాయి (గురువారం ఉదయం 7:20)

నేనూ ఇస్తానమ్మా. ఇంకో సలహా, 24 గంటలు అని మొదటి రోజే ఎత్తుకోకండి. ఉత్సాహంతో మొదలైన రేడియోలు మనుషులు అలిసిపోయి ఆగిపోవడం చూశాను. రోజుకి గంట చేయండి, కానీ చెప్పిన టైముకి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా మొదలవ్వాలి. మంచాన ఉన్న మనిషి గడియారం చూసుకుంటూ ఉంటుంది.

భీమిలి_ఆల్టో (శుక్రవారం రాత్రి 8:45)

అందరికీ చాలా చాలా వందనాలు. మీరు రాసినవన్నీ ప్రింటు తీసి కమిటీలో చదివాను. అయ్యగారు ఒప్పుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం "ఉన్న మైకు సెట్టే బాగు చేయించుకోలేదు, ఇప్పుడు రేడియో దేనికి" అన్నారు. నర్సు సిస్టర్ రాసిన రాత్రి 2 గంటల మాట చదివి వినిపించాను. ఆయన భార్య మూడేళ్ళుగా మంచం మీద ఉంది. ఆయన ఇంకేమీ అనలేదు, బొంతలు తను ఇస్తానన్నారు.

ప్రస్తుతానికి అనుకున్నది ఇది. ఉదయం 6 గంటలకి అరగంట: ప్రార్థన, ఒక కీర్తన, ఊరి సంగతులు, పేర్లు. రాత్రి 8 గంటలకి గంట బైబిలు పఠనం, కాపరిగారు చెప్పినట్టు వ్యాఖ్యానం లేకుండా. దీన్ని వంతుల వారీగా చదువుతాం, మగవాళ్ళు, ఆడవాళ్ళు, పదో తరగతి పిల్లలు కూడా. రాత్రి 2 నుంచి 4 కీర్తనల గ్రంథం, ఒక్క గొంతుతో పాటలు, ముందే రికార్డు చేసి సర్వర్‌లో పెట్టినవి. శనివారం పావుగంట మన ప్రాంత చరిత్ర, టీచరమ్మ గారు రాసి ఇస్తే నేను చదువుతాను. ఆదివారం ఆరాధన సాయంత్రం మళ్ళీ వస్తుంది. స్వస్థత సాక్ష్యం ఏదైనా నర్సు ఒకరు విన్నాకే ప్రసారం అవుతుంది, మా సంఘంలో ఇద్దరు నర్సులు ఉన్నారు. కొత్త ఆల్బమ్ పాటలు అనుమతి కాగితం వచ్చేదాకా వేయం. మిస్డ్ కాల్ లైన్ ఖర్చు కనుక్కుంటున్నాం. కమ్యూనిటీ రేడియోకి మా సంఘం పేరున కాకుండా ఊళ్ళో వేరే సేవా సంస్థతో కలిసి వెళ్ళగలమా అని గుమాస్తా అన్నయ్యని వేరేగా అడుగుతాను.

వచ్చే ఆదివారం సాయంత్రం టెస్ట్ ప్రసారం. ఆరాధన రికార్డింగ్ రాత్రి 9 గంటలకి వేద్దామనుకుంటున్నాం. లింకు ఇక్కడే పెడతాను. సౌండు ఎలా ఉందో, ఎక్కడ తెగిందో, ఏ ఊళ్ళో విన్నారో రాయండి.

ఉక్కు_సి_షిఫ్ట్ (శుక్రవారం రాత్రి 8:58)

సిస్టర్, 9 వద్దు, 7కి వేయండి. 9కి మేం బస్సులో ఉంటాం, ఆ రూట్లో సిగ్నల్ సరిగ్గా ఉండదు. 7కి అయితే ఇంట్లోనే అన్నం తింటూ వింటాం.

భీమిలి_ఆల్టో (శుక్రవారం రాత్రి 9:03)

సరే అన్నయ్యా, 7 గంటలకే.